విడాకుల పిటిషన్ కొట్టేశారు: అప్పీలుకు వెళ్లాలా, వద్దా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర ఒక పల్లె. నా వయసు 39. విజయవాడలో ఒక ప్రైవేటు సంస్థలో పనిచేస్తాను. 2013లో పెద్దలు కుదిర్చిన పెళ్లి జరిగింది. మొదటి రెండేళ్లూ బాగానే ఉన్నాం. పాప పుట్టిన తర్వాత మా అమ్మకూ నా భార్యకూ పడక ఇంట్లో రోజూ గొడవలయ్యేవి. 2018 ఆగస్టులో ఆమె పాపను తీసుకుని గుంటూరులోని పుట్టింటికి వెళ్లిపోయింది. పెద్దమనుషులతో రెండుసార్లు మాట్లాడించినా కుదరలేదు. ఆ కోపంలో ‘ఇక నువ్వు రానక్కర్లేదు’ అని నేనే వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను. 2020 మార్చిలో క్రూరత్వం, పరిత్యాగం కారణాలుగా చూపి విడాకుల ఓపీ (ఒరిజినల్ పిటిషన్) వేశాను. 2021లో ఆమె నా మీదా, మా అమ్మానాన్నల మీదా 498ఏ వేధింపుల కేసు పెట్టింది. 2024లో దాన్ని కొట్టేశారు. ఈ ఏడాది ఆగస్టు 8న ఫ్యామిలీ కోర్టు నా ఓపీని డిస్మిస్ చేసింది. 12న నకలుకు దరఖాస్తు చేస్తే 25న ఇచ్చారు. ఇవి ప్రతి సంసారంలో ఉండే గొడవలేననీ, భార్య కాపురానికి వస్తానంటోందనీ జడ్జిగారు రాశారు. ఆమె వచ్చే మనిషి కాదు, నన్ను వదలకుండా పట్టుకోవడానికే అలా చెప్పింది. నెలకు 12 వేల మనోవర్తి వేశారు. గెలుస్తానన్న ధీమాతో 14 నెలలుగా కట్టలేదు. ఏడేళ్లు విడిగా ఉంటే పెళ్లి దానంతటదే రద్దవుతుందని మా ఊరి పెద్ద ఒకరు అంటున్నారు. ఇదంతా వదిలేసి ‘కాపురానికి రమ్మని’ కొత్త కేసు వేస్తే ఏడాదిలో విడాకులు వస్తాయని ఒక ప్లీడరు గుమాస్తా చెప్పాడు. ఆమె ఫోన్‌లో తిట్టిన రికార్డింగులు నా దగ్గరున్నాయి. మా అమ్మ ఇంకో సంబంధం కూడా చూసింది. అప్పీలు వేస్తే గెలుస్తానా? ఎన్ని రోజుల్లో వేయాలి?
ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

సమాధానం: మీ చివరి ప్రశ్నకే ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే మిగతావన్నీ ఆలోచించుకోవడానికి వ్యవధి ఉంది గానీ దీనికి లేదు. ఫ్యామిలీ కోర్టు తీర్పు మీద హైకోర్టుకు అప్పీలు వేయడానికి 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 19వ సెక్షన్ 30 రోజుల గడువు ఇచ్చింది. హిందూ వివాహ చట్టం 28వ సెక్షన్‌ను 2003లో సవరించి అక్కడి గడువును 30 నుంచి 90 రోజులకు పెంచారు. రెండు చట్టాల్లో రెండు గడువులు ఉండడంతో ఏది వర్తిస్తుందన్న వివాదం చాలాకాలం నడిచింది. 90 రోజులే సరైనదని బాంబే హైకోర్టు ఫుల్ బెంచ్ 2016లో చెప్పింది కూడా. అయినా ఆ వాదన ఆలస్యమైపోయినవాళ్లకు ఆసరాయే గానీ, ఇంకా సమయం ఉన్న మీరు దాని మీద ఆధారపడనవసరం లేదు. మీ లెక్క 30 రోజులదే అనుకోండి. ఆగస్టు 8 నుంచి 30 రోజులంటే సెప్టెంబరు 7. నకలు కోసం దరఖాస్తు చేసిన రోజు నుంచి అది చేతికి వచ్చిన రోజు వరకు పట్టిన 14 రోజులను లెక్కలోంచి తీసేస్తారు కనుక సెప్టెంబరు 21 అవుతుంది. అది ఆదివారం. చివరి రోజు సెలవైతే తర్వాతి పనిదినాన వేయవచ్చునన్న మాట నిజమే అయినా, శుక్రవారం 19వ తేదీకే అమరావతిలోని హైకోర్టులో మీ అప్పీలు దాఖలయ్యేలా చూసుకోండి. గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించమని వేరే పిటిషన్ వేసుకోవాలి, దానికి ప్రతిరోజుకూ సంజాయిషీ చెప్పుకోవాలి, అసలు విషయం విచారణకు రావడానికి ముందే ఆ చిన్న పిటిషన్ మీద నెలలు గడిచిపోతాయి.

అప్పీలు వేయండి అని నేను చెబుతున్నది మీరు గెలుస్తారన్న నమ్మకంతో కాదు. మీ దగ్గరున్న కాగితాలను బట్టి చూస్తే గెలుపు సగానికి సగం కూడా లేదు. కానీ అప్పీలు వేయకపోతే ఆ తీర్పు అలాగే ఖాయమైపోయి, అందులో జడ్జిగారు నిర్ధారించిన విషయాలు రేపు మీరు ఏ కొత్త కేసు వేసినా మీకు అడ్డు నిలుస్తాయి. అంతకంటే ముఖ్యం, మీ ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టగలిగిన చోటు ఇప్పుడు ఆ అప్పీలు ఒక్కటే. దాని సంగతి చివర్లో చెబుతాను.

ముందు మీ ఓపీ ఎందుకు పోయిందో చూద్దాం. మీరు దాన్ని భార్య అబద్ధం చెప్పడం వల్ల, జడ్జిగారు నమ్మడం వల్ల పోయినట్టు రాశారు. ఉత్తరంలో మీరే ఇచ్చిన తేదీలు వేరే కథ చెబుతున్నాయి. పరిత్యాగం కారణంగా విడాకులు కావాలంటే, పిటిషన్ వేసే రోజుకు వెంటనే ముందున్న రెండేళ్లు తగ్గకుండా ఎడతెగని ఎడబాటు ఉండాలని హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఆమె 2018 ఆగస్టులో వెళ్లారు. మీరు 2020 మార్చిలో వేశారు. అది 19 నెలలే. అంటే మీ ఓపీలోని రెండు కాళ్లలో ఒకటి వేసిన రోజునే విరిగి ఉంది. అప్పట్లో మీ న్యాయవాది ఇంకో అయిదు నెలలు ఆగమని ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు, కానీ ఈ లోపాన్ని హైకోర్టు సరిచేయలేదు. ఇక రెండో చిక్కు ఆ వాట్సాప్ మెసేజ్. పరిత్యాగం అంటే ఇల్లు వదిలి వెళ్లడం ఒక్కటే కాదు. తిరిగి రాకూడదన్న ఉద్దేశంతో, తగిన కారణం లేకుండా, అవతలివారి సమ్మతి లేకుండా వెళ్లడం అని సుప్రీంకోర్టు 1956 నుంచీ చెబుతూ వస్తోంది. ‘రానక్కర్లేదు’ అని రాసి పంపిన తర్వాత ఆమె రాకపోవడానికి మీ సమ్మతి లేదని ఎలా అంటారు? ఆ ఒక్క వాక్యం ఎంత కోపంలో పెట్టినదైనా, ఫైల్లో మీకు వ్యతిరేకంగా ఉన్న అన్ని కాగితాల్లోకీ బరువైనది అదే. విడిగా ఉండి ఇప్పుడు ఏడేళ్లు దాటింది కనుక పరిత్యాగం మీద కొత్తగా ఓపీ వేయవచ్చా అని మీకు అనిపించవచ్చు. కాలం లెక్క ఇప్పుడు సరిపోతుంది. కానీ విడాకులు కావాలని మీరే కోర్టులో పోరాడుతున్న అయిదేళ్లూ ఆమె సూట్‌కేసు పట్టుకుని మీ గుమ్మం ముందుకు రాలేదని తప్పుపట్టడం కష్టం. అందుకే దాన్ని అప్పీలుకు బదులుగా నేను సూచించను.

క్రూరత్వం విషయానికి వద్దాం. 1955లో చట్టం వచ్చినప్పుడు క్రూరత్వం విడివిడిగా ఉండేందుకు అనుమతించే జ్యుడీషియల్ సెపరేషన్‌కు మాత్రమే కారణంగా ఉండేది. 1976 సవరణతో అది విడాకులకు కూడా కారణమైంది. క్రూరత్వమంటే ఏమిటో చట్టం నిర్వచించలేదు, ఆ పని కోర్టులకే మిగిలింది. సందేహానికి తావులేకుండా నిరూపించాల్సిన క్రిమినల్ కేసు కాదు ఇది, ఎవరి మాట నిజమయ్యే అవకాశం ఎక్కువో చూస్తే చాలునని 1975లో దాస్తానే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది మీకు అనుకూలం. 2007లో సమర్ ఘోష్ కేసులో మానసిక క్రూరత్వానికి ఉదాహరణలుగా ఒక జాబితాను ఇస్తూ, చిల్లర చికాకులు, పోట్లాటలు, సంసారంలో మామూలుగా ఉండే ఒడిదొడుకులు విడాకులకు చాలవని ఒకచోట చెప్పి, దీర్ఘకాలం ఎడతెగకుండా విడిగా ఉండిపోయి, ఆ పెళ్లి పేరుకు మాత్రమే మిగిలినప్పుడు దాన్ని బలవంతాన నిలపడం కూడా క్రూరత్వం కిందికే రావచ్చునని మరోచోట చెప్పింది. మీ జడ్జిగారు మొదటి మాటను పట్టుకున్నారు. మీ అప్పీలు నిలబడితే రెండో మాట మీదే నిలబడాలి.

అత్తాకోడళ్ల గొడవలు, ‘మర్యాద ఇవ్వదు’, ‘మా బంధువులు వస్తే పలకరించదు’ అన్న తరహా ఆరోపణలు మీ ఓపీలో ఎన్ని పేజీలు నిండి ఉన్నా వాటిని హైకోర్టులో మళ్లీ వల్లించకండి. వాటిలో తేదీ, స్థలం, చూసిన మనిషి ఉన్న సంఘటన ఒకటో రెండో ఉంటే అవి చాలు. నలభై ఏళ్లుగా ఈ రకం పిటిషన్లు చదువుతున్న నాకు ఒక విషయం తెలుసు. తల్లికీ భార్యకూ మధ్య జరిగిన గొడవను భార్య భర్తపై చేసిన క్రూరత్వంగా చూపించబోతే, ఆ రోజుల్లో భర్త ఎక్కడున్నాడు, ఏం చేశాడు అన్న ప్రశ్న క్రాస్‌లో, అంటే అవతలి న్యాయవాది ప్రశ్నించేటప్పుడు, తప్పక వస్తుంది, దానికి చాలామంది దగ్గర జవాబు ఉండదు. మీ దగ్గర ఉందేమో మీరే ఆలోచించుకోండి.

మీ చేతిలో నిజంగా పనికివచ్చేది ఏదైనా ఉంటే అది 498ఏ కేసు తీర్పు. దీని మీద మన దగ్గర నుంచే వెళ్లిన ఒక ముఖ్యమైన తీర్పు ఉంది. 1999 ఏప్రిల్ 25న పెళ్లి, మర్నాడే ఇరువైపుల పెద్దలూ తిట్టుకుని చెప్పులు విసురుకోవడం, 27వ తేదీకల్లా కొత్త దంపతులు కాపురమే మొదలుకాకుండా విడిపోవడం, ఆ తర్వాత అత్తమామల గురించి నోటితో చెప్పరాని ఆరోపణలతో ఫిర్యాదులు, భర్త ఉద్యోగం పోగొట్టేందుకు పై అధికారులకు అర్జీలు. ఆ కేసులో ఫ్యామిలీ కోర్టు ఇచ్చిన విడాకులను ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు రద్దు చేస్తే, సుప్రీంకోర్టు 2013 ఫిబ్రవరి 22న భర్త అప్పీలును అనుమతించి, భార్యకు 15 లక్షల శాశ్వత భరణం ఇమ్మని చెప్పి పెళ్లిని రద్దు చేసింది. ఒకే కప్పు కింద కాపురం చేయకపోయినా తప్పుడు ఫిర్యాదులతో మానసిక క్రూరత్వం జరగవచ్చునని అందులో చెప్పింది. మీ న్యాయవాదికి ఆ తేదీ చెబితే చాలు.

అయితే అది చదివి పొంగిపోకముందు మీ క్రిమినల్ కేసు తీర్పును నిదానంగా చదవండి. సాక్ష్యం చాలక అనుమానపు లబ్ధి కింద వదిలేశారా, సాక్షులు ఎదురుతిరిగారా, లేక ఆరోపణ కల్పితమని మేజిస్ట్రేటు రాశారా? మొదటి రెంటిలో మీరు నిర్దోషులు అవుతారు గానీ ఆమె అబద్ధాలకోరు కాదు, కేసు నిరూపించలేకపోవడం వేరు, తప్పుడు కేసు పెట్టడం వేరు. మూడోది అయితేనే అది బలమైన ఆయుధం. ఇంకొకటి. మీరు ఓపీ వేసింది 2020లో, ఆమె కేసు పెట్టింది 2021లో. ఆ తర్వాత మీ ఓపీని సవరించి ఈ సంగతిని అందులో చేర్చారా, 2024 తీర్పు నకలును ఎగ్జిబిట్‌గా మార్కు చేయించారా అన్నది మీరు రాయలేదు. చేయించకపోతే అప్పీలుతోపాటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 41 రూల్ 27 కింద అదనపు సాక్ష్యంగా తీసుకోమని పిటిషన్ వేయాలి. పిటిషన్ వేసిన తర్వాత జరిగినవాటిని కూడా పరిశీలించవచ్చునని సుప్రీంకోర్టు చెప్పి ఉంది కనుక ఆ దారి మూసుకుపోలేదు. ఇది మొదటి అప్పీలు. ఇద్దరు జడ్జీల బెంచ్ సాక్ష్యాన్ని మొత్తం మళ్లీ తూచి చూస్తుంది. ఫైల్లో లేనిదాన్ని మాత్రం తూచలేదు.

ఏడేళ్ల సంగతి మీ ఊరి పెద్ద ఒక్కరే కాదు, నాకు వచ్చే ఉత్తరాల్లో చాలామంది రాస్తారు. అది ఎక్కడ పుట్టిందో చెబుతాను. 13వ సెక్షన్‌లోనే, భార్య గానీ భర్త గానీ బతికే ఉన్నట్టు, తెలిసి ఉండాల్సిన వాళ్లెవరికీ ఏడేళ్లుగా కబురు లేకపోతే విడాకులు కోరవచ్చునని ఒక క్లాజు ఉంది. తప్పిపోయిన మనిషి విషయంలో పెట్టిన ఆ ఏడేళ్ల మాట నోటా నోటా పాకి, విడిగా ఉన్నవాళ్లకు కూడా అంటుకుంది. మీ భార్య గుంటూరులో ఉన్నారు, మీకు కౌంటరు కూడా వేశారు. మన చట్టంలో ఏడేళ్లకు గానీ డెబ్భై ఏళ్లకు గానీ పెళ్లి దానంతటదే రద్దు కాదు. పెద్దమనుషుల సమక్షంలో స్టాంపు కాగితం మీద రాసుకున్న విడాకులు కూడా, ఆ కులంలో అనాదిగా అలాంటి ఆచారం ఉన్నట్టు నిరూపిస్తే తప్ప, చెల్లవు. ఎవరైనా అలాంటి కాగితం మీద సంతకం చేద్దామంటే చేయకండి.

పెళ్లి పూర్తిగా విరిగిపోయిందన్న ఒక్క కారణంతో విడాకులు ఇచ్చే వీలు మన చట్టంలో లేదు. ఉండాలని లా కమిషన్ 1978లో 71వ నివేదికలోనూ, 2009లో 217వ నివేదికలోనూ సిఫారసు చేసింది. సుప్రీంకోర్టు 2006లో కేంద్రానికి సూచించింది. 2010లో పెట్టిన బిల్లు 2013లో రాజ్యసభ దాటి కూడా చివరికి మురిగిపోయింది. కాబట్టి ఆ కారణంతో విడాకులు ఇచ్చే అధికారం రాజ్యాంగం 142వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు ఒక్కదానికే ఉంది. ఒక పక్షం ఒప్పుకోకపోయినా ఆ అధికారాన్ని వాడవచ్చునని అయిదుగురు జడ్జీల ధర్మాసనం 2023 మే 1న శిల్పా శైలేష్ కేసులో తేల్చింది. అయితే అది ఎవరికీ హక్కు కాదనీ, దానికోసం నేరుగా సుప్రీంకోర్టులో రిట్ వేయడానికి వీల్లేదనీ కూడా అదే తీర్పు చెప్పింది. ఆ తీర్పు రావడానికి కొద్దిరోజుల ముందే, నాలుగేళ్లు మాత్రం కలిసి ఉండి 25 ఏళ్లుగా విడిగా ఉన్న ఒక జంట విషయంలో, అంతటి ఎడబాటునే ఇరువైపులా క్రూరత్వంగా చూడవచ్చునని సుప్రీంకోర్టు భర్తకు విడాకులు ఇచ్చింది. హైకోర్టులో మీ న్యాయవాది వాడుకోదగిన దారి ఇదే. కానీ అదే ఏడాది అక్టోబరులో, 1963లో పెళ్లయి దశాబ్దాలుగా విడిగా ఉంటున్న ఒక దంపతుల కేసులో, 89 ఏళ్ల భర్త విడాకులు కోరితే, విడాకులు తీసుకున్నదాన్నన్న ముద్రతో చనిపోవడం తనకు ఇష్టంలేదని 82 ఏళ్ల భార్య చెప్పిన మాటకు విలువిచ్చి సుప్రీంకోర్టు ఆ అప్పీలును తిరస్కరించింది. ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చూడండి. మీ ఏడేళ్ల ఎడబాటు ఆ 25 ఏళ్ల ముందు చిన్నది, మీ భార్య ‘వద్దు’ అన్న మాటకు ఆ వృద్ధురాలి మాటకున్నంత బరువు ఉండవచ్చు. ఇలాంటి కేసుల్లో కచ్చితంగా గెలుస్తామని చెప్పే న్యాయవాది దగ్గర నుంచి మీ ఫైలు వెనక్కి తెచ్చుకోవడం మంచిది.

గుమాస్తా చెప్పిన ఉపాయం పాతదే. 9వ సెక్షన్ కింద దాంపత్య హక్కుల పునరుద్ధరణ కోరి, డిక్రీ వచ్చాక ఏడాదిపాటు ఇద్దరూ కలిసి ఉండకపోతే దాని ఆధారంగా ఏ పక్షమైనా విడాకులు అడగవచ్చు. ఆ సెక్షన్‌కు మన గడ్డ మీదే ఒక చరిత్ర ఉంది. సినీనటి సరిత మీద ఆమె భర్త కడపలో వేసిన కేసులో, ఇష్టంలేని స్త్రీని కాపురానికి బలవంతపెట్టడం ఆమె అంతరంగిక స్వేచ్ఛకు విరుద్ధమని 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జి జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షన్‌నే కొట్టేశారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు దాన్ని తిరిగి నిలబెట్టింది. చట్టం సంగతి అలా ఉంచి మీ సంగతి చూడండి. ఆమె క్రూరురాలు, ఆమెతో బతకలేనని అయిదేళ్లు ప్రమాణం చేసి చెప్పిన నోటితోనే, ఆమె లేక ఉండలేను, పంపించండి అని ఏ కోర్టులో చెబుతారు? ఆమె ‘సరే వస్తాను’ అని పెట్టె సర్దుకుని నిజంగానే వచ్చేస్తే ఏం చేస్తారు? విడాకుల కోసమే కాపురాన్ని అడిగారని తెలిస్తే, తన తప్పు నుంచి తానే లాభం పొందకూడదన్న 23వ సెక్షన్ మీకే అడ్డం వస్తుంది. ఈ ఉపాయాన్ని మరిచిపోండి.

ఫోన్ రికార్డింగుల విషయంలో పరిస్థితి ఈమధ్యే మారింది. భార్యాభర్తల మధ్య రహస్యంగా రికార్డు చేసిన సంభాషణను విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చునని సుప్రీంకోర్టు 2025 జూలై 14న చెప్పింది. అయితే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఉండాలి, అసలు ఫోన్ భద్రంగా ఉండాలి, ముక్కలు కత్తిరించకుండా మొత్తం సంభాషణ ఇవ్వాలి. ఆ చివరి మాట ముఖ్యం. ఆమె తిట్టడానికి ముందు మీరేమన్నారో కూడా కోర్టు వింటుంది. రికార్డింగులన్నీ మొదటి నుంచి చివరి వరకు మీరు ఒక్కరే ఒకసారి కూర్చుని, వేరేవాళ్ల చెవులతో విని, ఆ తర్వాతే వాటిని దాఖలు చేయాలా వద్దా నిర్ణయించుకోండి. క్రింది కోర్టులో ఎందుకు ఇవ్వలేదన్న ప్రశ్నకు కూడా కారణం చెప్పవలసి ఉంటుంది.

ఇప్పుడు మీరు ఒక్క వాక్యంలో దాటేసిన విషయానికి వస్తాను. 14 నెలలు, నెలకు 12 వేలు, మొత్తం 1,68,000 రూపాయలు. ఓపీ కొట్టేసినంత మాత్రాన ఈ బాకీ పోదు. అప్పీలు మొదటి వాయిదాలోనే అవతలి న్యాయవాది లేచి చెప్పే మొదటి మాట ఇదే అవుతుంది. కోర్టు ఆదేశాన్ని పాటించని మనిషి అదే కోర్టును న్యాయం అడుగుతున్నాడన్న అభిప్రాయం జడ్జీలకు ఒకసారి కలిగితే, మీ మిగతా వాదన వినే ఓపిక వాళ్లకు ఉండదు. పైగా జప్తు, అరెస్టు వారెంటు దాకా వెళ్లే వీలు ఆమెకు ఉంది. అప్పీలు నడిచే కాలానికి కూడా ఆమె 24వ సెక్షన్ కింద మనోవర్తి కోరవచ్చు. 2020లో రజనీష్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించినట్టు ఇద్దరూ ఆస్తిపాస్తుల అఫిడవిట్ వేయాల్సిందే కనుక, జీతం స్లిప్పులు, పొలం, ఇల్లు ఏవీ దాచే ప్రయత్నం చేయకండి. ‘గెలుస్తానన్న ధీమాతో కట్టలేదు’ అన్నారు. కేసు మీదీ ఆమెదీ, కానీ ఆ డబ్బుతో కట్టాల్సిన స్కూలు ఫీజు మీ పాపది.

మీ అమ్మగారు చూసిన సంబంధాన్ని వెంటనే ఆపించండి. పెళ్లి ఇంకా చెల్లుబాటులోనే ఉంది. ఇప్పుడు తాళి కడితే ఆ రెండో పెళ్లి చెల్లదు, భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద శిక్షార్హం కూడా. అప్పీలులో మీరు గెలిచినా, ఆ తీర్పు మీద సుప్రీంకోర్టుకు వెళ్లే గడువు ముగిసేదాకా ఆగడమే క్షేమం. ఇంత దాకా ఎందుకు, నిశ్చితార్థం ఫొటో ఒక్కటి ఆమె వైపు చేరితే మీ విడాకుల కేసు అసలు కారణం ఇదీ అని చూపించడానికి వాళ్లకు అది చాలు. అవతల ఒక ఆడపిల్లకూ ఆమె తల్లిదండ్రులకూ ఈ కేసు సంగతంతా చెప్పారో లేదో కూడా మీరు రాయలేదు.

‘ఆమె వచ్చే మనిషి కాదు’ అన్న మీ మాట నిజమే కావచ్చు. కానీ కాపురానికి వస్తానని చెప్పే భార్యలందరూ కక్షతో చెప్పరు. నేను చూసినంతలో ఆ మాట వెనుక చాలాసార్లు ఉండేది భయం. విడాకులైతే తనకు ఉండడానికి ఏముంది, పుట్టింట్లో తమ్ముడి పెళ్లయ్యాక తన గది ఎవరిది, పాప పెళ్లినాడు పీటల మీద ఎవరు కూర్చుంటారు, పెళ్లిలో పెట్టిన బంగారం తిరిగి వస్తుందా. ఈ ప్రశ్నలకు జవాబు దొరకనంతకాలం ‘వస్తాను’ అన్న మాటే ఆమెకున్న ఏకైక ఆస్తి, దాన్ని ఉత్తినే ఎందుకు వదులుకుంటారు? ఈ ఏడేళ్లలో మీ వైపు నుంచి ఆమెకు వెళ్లినవి ఒక మెసేజ్, ఒక నోటీసు, ఒక ఓపీ. ఆమె ముందు ఒక్క ప్రతిపాదన కూడా పెట్టినట్టు మీ ఉత్తరంలో లేదు.

అందుకే నా సలహా ఇది. అప్పీలు దాఖలు చేసి, అది అడ్మిట్ అయిన వెంటనే మధ్యవర్తిత్వానికి పంపమని మీ న్యాయవాదితో మీరే అడిగించండి. నేను పైన చెప్పిన 2013 తీర్పులోనే దాంపత్య వివాదాలను మధ్యవర్తిత్వానికి పంపాలని సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. మధ్యవర్తి ముందు జరిగిన మాటలు కోర్టులో సాక్ష్యంగా రావు, కాబట్టి ఇద్దరూ మనసు విప్పి మాట్లాడుకోవచ్చు. అక్కడికి వెళ్లేటప్పుడు పెద్దమనుషులను వెంటేసుకుని వెళ్లకండి. మీ అమ్మగారిని కూడా. చేతిలో లెక్క పెట్టుకుని వెళ్లండి. మీ నికర జీతం ఎంత, ఒకే మొత్తంగా ఎంత ఇవ్వగలరు, పాప పేర ఎంత ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయగలరు, పెళ్లినాటి బంగారం, సామాను ఇంకా మీ ఇంట్లో ఏమేమి ఉన్నాయి. స్త్రీధనం భరణంలో భాగం కాదు, అది ఎలాగూ ఆమెదే, దాన్ని బేరంలోకి తేవద్దు. ఆమె అంగీకరిస్తే 13బి సెక్షన్ కింద పరస్పర అంగీకార విడాకులకు మార్చుకోవచ్చు. మామూలుగా ఉండే ఆరు నెలల నిరీక్షణను తగిన సందర్భాల్లో మినహాయించవచ్చునని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. కలిసి బతకవచ్చునేమో అన్న ఆలోచన ఆమె నిజంగానే ముందుకు తెస్తే, దాన్ని కూడా ఎత్తుగడ అనుకుని తోసేయకండి. ఎక్కడ ఉండాలి, మీ అమ్మానాన్నలకు దూరంగా వేరే ఇల్లు తీసుకోగలరా అన్నదాని మీద మీకొక జవాబు సిద్ధంగా ఉండాలి. అది ‘లేదు’ అయినా సరే, మర్యాదగా చెప్పిన ‘లేదు’ తర్వాతి మాటలకు చోటిస్తుంది.

ఆమె ససేమిరా అంటే అప్పీలు ఎలాగూ ఉంది. మూడు నెలల్లో తేల్చాలని చట్టం 21బి సెక్షన్‌లో ఆశించినా, హైకోర్టులో అప్పీలు చివరి వాదనలకు రావడానికి ఏళ్లు పట్టవచ్చునని సిద్ధపడండి. ఆ ఏళ్లలో మీ కూతురు హైస్కూలుకు వచ్చేస్తుంది. పాపను చివరిసారి ఎప్పుడు చూశారో మీ ఉత్తరంలో లేదు. 26వ సెక్షన్ కింద పాపను కలిసే వేళల కోసం అప్పీలులోనే పిటిషన్ వేయవచ్చు. విడాకులు వచ్చేదాకా దానికోసం ఆగనక్కర్లేదు. నెలలో రెండు ఆదివారాలు చాలని అడగండి, ఆ రెండు ఆదివారాలూ తప్పకుండా వెళ్లండి.

ఈ వారంలోనే చేయాల్సినవి మాత్రం చెప్పి ముగిస్తాను. తీర్పు సర్టిఫైడ్ కాపీ, ఇద్దరి సాక్షుల చీఫ్ (మొదటి వాంగ్మూలం), క్రాస్ నకళ్లు, 498ఏ తీర్పు, మనోవర్తి ఉత్తర్వు, మీ ఆఖరి ఆరు నెలల జీతం స్లిప్పులు ఒక సంచిలో పెట్టుకుని హైకోర్టులో ప్రాక్టీసు చేసే న్యాయవాదిని కలవండి. అదే రోజు బాకీలో కనీసం సగమైనా, అంటే 84 వేలు, బ్యాంకు ద్వారా ఆమె ఖాతాకు పంపి రసీదు దాచుకోండి. మిగతాది ఎన్ని నెలల్లో తీరుస్తారో రాసి న్యాయవాది ద్వారా తెలియజేయండి. హైకోర్టు నోటీసు గుంటూరులో ఆ ఇంటికి చేరే సమయానికి ఆ డబ్బు ముందే చేరి ఉంటే, నోటీసును ఆమె ఒక తీరుగా చదువుతారు. చేరకపోతే మరో తీరుగా చదువుతారు.